లెక్కలోకి రాని ఇల్లు

నాలుగో అంతస్తులో తలుపు తీసి ఉన్న ఇల్లు. తలుపు మీద ఎర్ర స్టిక్కరు. లోపల బల్ల వెనక నిలబడి ఒకావిడ ఇస్త్రీ చేస్తోంది. ఆ భవనంలో ఏ ఇల్లు ఎంత కరెంటు వాడుతుందో మూడేళ్లుగా లెక్క కడుతున్న పరిశోధకుడు ఫైలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"సంతకం పెడితే ఏమవుతుందో అది చెప్పు ముందు. పెడతానో లేదో తర్వాత నేను చెప్తాను."

"ఏం కాదు పిన్నిగారూ. మామూలు కాగితమే. మా పరిశోధనకి ఇన్నాళ్లూ సహకరించినందుకు కృతజ్ఞతలు అని ఉంటుంది."

"కృతజ్ఞతలకి నా సంతకం ఎందుకు? చెప్పేవాడివి నువ్వు, సంతకం నువ్వు పెట్టు."

"కింద ఇంకో రెండు లైన్లున్నాయి."

"అద్గదీ. ఆ రెండు లైన్లు చదువు."

"మీరే చదువుకోవచ్చు కదండీ."

"చదవగలను. చదవగలను గనకే నీ నోటితో వినాలనుంది."

"'పై ఇంటిని పరిశోధన నుంచి తొలగించడానికి నాకు అభ్యంతరం లేదు. నెలాఖరులోగా ఇల్లు...' అంటే... 'ఇల్లు ఖాళీ చేసి అప్పగించగలను.'"

"నెలాఖరుకి ఎన్ని రోజులుంది?"

"పదకొండు."

"కృతజ్ఞతలు బాగానే చెప్పావు బాబూ. ఆ కాగితం ఇలా ఇచ్చి లోపలికి రా. గుమ్మంలో నిలబడి ఇల్లు ఖాళీ చేయించకూడదు, కూర్చుని చేయించాలి. ఆ మూట పక్కకి జరిపి కూర్చో. మెల్లిగా, అవి రెండో అంతస్తు వాళ్ల దుప్పట్లు."

"పరవాలేదండీ, నిలబడతాను."

"కూర్చో. నాకు నిలబడి పని చేయడం అలవాటు, నీకు కూర్చుని పని చేయడం అలవాటు. మధ్యలో మార్చుకుంటే ఇద్దరికీ నడుములు పట్టేస్తాయి."

"ఇది నా సొంత నిర్ణయం కాదు పిన్నిగారూ. ఒప్పందంలోనే ఉంది. పరిశోధనలో ఉన్నన్నాళ్లే ఈ ఇల్లు మీది. చీటీలు తీసి ఇళ్లు ఇచ్చినప్పుడు ఒప్పుకుని సంతకం పెట్టారు కదా."

"సంతకం కాదు, వేలిముద్ర. అక్షరాలు ఆ తర్వాత నేర్చుకున్నాను. సరే, ఒప్పందం ఒప్పందమే. పరిశోధనలోంచి ఎందుకు తీసేస్తున్నారు? నేను చేసిన తప్పేంటి?"

"తప్పని కాదు. మీ ఇల్లు... ఎలా చెప్పాలి... లెక్కకి కుదరని ఇల్లు."

"కుదరకపోవడమంటే?"

"ఈ భవనంలో ముప్పై రెండు ఇళ్లు. ముప్పై ఒకటీ దాదాపు ఒకేలా వాడతాయి, బయటి ఇళ్ల కంటే ఐదో వంతు తక్కువ. మీ ఒక్క ఇల్లే వాళ్ల మీద ఎనిమిది రెట్లు. ఒక మనిషి, రెండు గదులు, ఎనిమిది రెట్లు. మిమ్మల్ని కలిపితే మొత్తం సగటు చెడిపోతోంది."

"అంటే ఒకడికి మార్కులు తక్కువొస్తే వాణ్ని బడిలోంచి తీసేసి, బడంతా ఫస్టు క్లాసులో పాసైందని బోర్డు కట్టుకుంటారు."

"అలా కాదండీ. ఇలాంటి చోట మీటరు పాడైందో, వైరింగులో లోపముందో అనుకుంటాం. అలాంటి ఇంటిని పక్కన పెట్టడం శాస్త్రంలో పద్ధతే."

"నా మీటరు మూడుసార్లు మార్చారు."

"నాలుగుసార్లు."

"నాలుగుసార్లు మీటరుని మార్చారు. నన్ను ఒక్కసారైనా అడిగారా, ఏం పిన్నీ, ఇంత కరెంటు ఏం చేసుకుంటున్నావు, గ్లాసులో పోసుకుని తాగుతున్నావా అని?"

"అడిగాం. నలభై ఎనిమిది ప్రశ్నల ఫారం నింపాం."

"గుర్తుంది. బల్బులెన్ని, ఫ్యాన్లెన్ని, ఫ్రిజ్జు ఎంత ఎత్తు. ఫ్రిజ్జే లేదంటే, ఉంటే ఎంత ఎత్తుండేదని అడిగింది ఫారం నింపిన పిల్ల."

"ఇస్త్రీ పెట్టె ఉందా అని కూడా అడిగాం. ఉందన్నారు. టిక్కు పెట్టాం."

"టిక్కు పెట్టి?"

"ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉంటే వారానికి నలభై నిమిషాలు వాడతారని మా దగ్గర ఒక లెక్క ఉంది. అది వేసుకున్నాం."

"నలభై నిమిషాలు. నేను పొద్దున ఆరింటికి పెట్టె పట్టుకుంటే చీకటి పడేదాకా దించను. నువ్వొచ్చి ఎంతసేపైంది?"

"పావుగంట."

"ఈ పావుగంటలో ఎన్ని చొక్కాలు మడతపెట్టాను?"

"చూళ్లేదండీ."

"అదీ నీ మూడేళ్ల పరిశోధన."

"అయితే... అయితే ఇది వ్యాపారం పిన్నిగారూ. ఇళ్లలో వ్యాపారం చేయకూడదని కూడా ఒప్పందంలో ఉంది."

"బయటి పని లోపలికి తేకూడదని ఉంది. నేను గేటు బయటి జేబురుమాలు ఒక్కటి ముట్టుకోలేదు. ఆ మూటల మీద సుద్దతో ఇంటి నంబర్లు రాశాను, చదువు."

"రెండు బై మూడు. ఒకటి బై ఎనిమిది. మూడు బై ఐదు... ఇవన్నీ..."

"ఇవన్నీ తక్కువ కరెంటని నువ్వు ఆకుపచ్చ స్టిక్కరు అంటించిన ఇళ్లే."

"ఉండండి. అలా ఎలా అవుతుంది? నా రిపోర్టులో... మూడో అధ్యాయం... ఇదిగో. 'ఈ భవనంలో ముప్పై ఒక్క కుటుంబాలు ఇస్త్రీ పెట్టె వాడకాన్ని స్వచ్ఛందంగా మానుకున్నాయి. అవగాహన తరగతుల వల్ల ప్రవర్తనలో వచ్చిన మార్పుకు ఇది గొప్ప ఉదాహరణ.'"

"మళ్లీ చదువు."

"ఎందుకండీ?"

"బాగుంది. మళ్లీ చదువు."

"'...స్వచ్ఛందంగా మానుకున్నాయి.'"

"మానుకుని నలిగిన చొక్కాలతో ఆఫీసులకి పోతున్నారా? మెట్ల మీద రోజూ నీకు ఎదురుపడతారు కదా, ఒక్కడి కాలరైనా చూశావా? కత్తిలా నిలబడి ఉంటాయి. మూడేళ్లు వాళ్ల మీటర్లు చూశావు గానీ వాళ్ల మెడలు చూళ్లేదు."

"మీటర్లు చూడ్డమే మా పని పిన్నిగారూ."

"తెలుస్తూనే ఉంది. నీ చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారు?"

"నాదా? హాస్టలు గేటు దగ్గర ఒకావిడ చేస్తుంది."

"ఏ కరెంటుతో?"

"తెలీదండీ. ఎప్పుడూ అడగలేదు."

"నీ లెక్కలో నీ చొక్కా కూడా స్వచ్ఛందంగానే నునుపెక్కిందన్నమాట."

"అమ్మాయ్, ఉన్నావా? తలుపు తీసే ఉందని వచ్చేశా... ఓ, సారుగారు ఇక్కడే ఉన్నారా."

"రండి మాస్టారూ. భవన సంఘం అధ్యక్షులు, సరిగ్గా సమయానికి వచ్చారు. చేతిలో ఏంటది, వెనక్కి పెట్టుకున్నారు?"

"ఏం లేదు. ఊరికే వచ్చా. మళ్లీ వస్తాలే."

"వెనక్కి పెట్టుకున్నా చెయ్యి వేలాడుతోంది మాస్టారూ. కోటుది."

"కోటే. ఎల్లుండి సభ ఉంది కదా. అందరికంటే తక్కువ కరెంటు వాడిన భవనమని మనకి బహుమతి ఇస్తున్నారు. అధ్యక్షుడిగా నేనే అందుకోవాలి. కొంచెం నలిగింది."

"మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఏమైంది? సారుగారు వింటారు, చెప్పండి."

"అటక మీద పెట్టేశాం. అందరం పెట్టేశాం. తీర్మానం చేశాం కదా సార్, మీ ఎదురుగానే."

"చేశారు. నేను చప్పట్లు కూడా కొట్టాను."

"మరి కోటు నా దగ్గరికి ఎందుకొచ్చింది మాస్టారూ?"

"నీ దగ్గరికి రాక ఇంకెక్కడికి పోతుంది? నీకూ ఏదో పని దొరుకుతుందనే కదమ్మాయ్ మా అందరి తాపత్రయం."

"పని నాకు, ఆకుపచ్చ స్టిక్కరు మీకు. నాకు ఎర్రది."

"ఎర్రదైతే ఏమైంది, అది కొరుకుతుందా?"

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమంటోంది."

"అదేంటి సార్? ఆవిడ వెళ్లిపోతే మా బట్టలో?"

"విన్నావా బాబూ. ఆవిడ ఎక్కడికి పోతుందీ అనలేదు."

"నా ఉద్దేశం అది కాదమ్మాయ్..."

"ఉద్దేశం తర్వాత చెబుదురు గానీ, కోటు ఆ కుర్చీ మీద వేసి వెళ్లండి. ఎల్లుండికి అవుతుంది. బహుమతి అందుకోడానికి చేతులు చాపినా మడత చెదరకుండా చేస్తాను."

"సార్, ఈ మాటలన్నీ రిపోర్టులోకి ఏమీ... సభ దగ్గర పడింది కదా, అందుకని..."

"మీరు వెళ్లండి మాస్టారూ. నేను చూసుకుంటాను."

"వస్తా మరి. లోపల సిల్కు లైనింగు ఉందమ్మాయ్, కాస్త చూసి."

"తెలుసు మాస్టారూ. పోయినేడు కూడా నేనే చేశాను."

"పిన్నిగారూ, నాకొకటి అర్థం కావట్లేదు. సభకి కోటు అంటే సరే. ఇక్కడ దుప్పట్లున్నాయి, తువ్వాళ్లున్నాయి, పసిపిల్లల బట్టలున్నాయి. తువ్వాలుకి ఇస్త్రీ ఎవరు చేయిస్తారు?"

"మూడేళ్లకి ఒక్క మంచి ప్రశ్న అడిగావు. నలభై తొమ్మిదోది. ఆ దుప్పటి మీద చెయ్యి వేసి చూడు."

"తడిగా ఉంది."

"చెమ్మ. ఉతికి పిండి, రెండు రోజులు స్నానాల గదిలో వేలాడేసి, ఆరక, వాసన పట్టాక నా దగ్గరికొచ్చింది. ఎక్కడ ఆరేసుకుంటారు వాళ్లు? మేడ మీద ఆరేద్దామంటే?"

"మేడంతా సోలార్ పలకలున్నాయి."

"వాటి మీద నీడ పడకూడదని మేడ తలుపుకి తాళం. కిటికీలో వేద్దామంటే?"

"కిటికీ బెత్తెడే తెరుచుకుంటుంది. బయటి వేడి లోపలికి రాకూడదని అలా పెట్టారు."

"వరండా?"

"వరండాలు పెట్టలేదు. ఆ శ్లాబు గుండా గోడకి వేడి ఎక్కుతుందని."

"వేడి రాకూడదు, గాలి రాకూడదు, ఎండ రాకూడదు. బట్ట ఎలా ఆరుతుంది? అంతమంది ఇంజనీర్లు కూర్చుని గీసిన ఇల్లు కదా ఇది, వాళ్లలో ఒక్కడైనా పుట్టి బుద్ధెరిగాక ఒక్క బనీను ఉతికి ఆరేసుకున్నాడా?"

"బట్టలు ఆరేయడమన్నది... డిజైనులో లేదు."

"వాళ్లింట్లో బట్టలు వాటంతటవే ఆరి, మడతపడి, బీరువాలోకి నడిచొస్తాయి కాబోలు. ఎండలో ఊరికే ఆరాల్సిన దుప్పటి బాబూ ఇది. పైన పలకలు ఆ ఎండనే పట్టి కరెంటు చేస్తాయి. ఆ కరెంటు తీగల్లో పడి నాలుగో అంతస్తుకి దిగొస్తుంది. నా పెట్టెలో దూరి, ఈ దుప్పటిని ఆరబెడుతుంది. మధ్యలో నా భుజం పడిపోతుంది. ఇంతా కలిపి తక్కువ కరెంటు భవనం. దానికో సభ. సభకో కోటు."

"ఇది ఎప్పుడు మొదలైంది?"

"మొదటి ముసురులోనే. కింద ఇంటి నర్సమ్మ వచ్చింది, డ్యూటీకి వెళ్లాలి పిన్నీ, యూనిఫాం ఆరలేదు, ఒక్కసారి పెట్టె తిప్పు అని. తిప్పాను. మర్నాడు ఎదురింటావిడ. ఆ నెలలోనే మీ స్టిక్కర్లు వచ్చాయి. పెట్టె వాడితే పసుపు అంటిస్తారట, రెండుసార్లు పసుపైతే ఎరుపట, ఎరుపైతే అందరి ముందూ పేరు చదువుతారట. ఇంక చూసుకో, భవనమంతా నా గుమ్మంలోనే."

"మీరెందుకు ఒప్పుకున్నారు?"

"నాకు వచ్చిన పని అదొక్కటే. మా ఆయన ఉన్నప్పుడు ఆయన ఉతికేవాడు, నేను ఇస్త్రీ చేసేదాన్ని. వచ్చిన పని తలుపు తట్టి అడిగితే రాదని ఎలా చెప్పను? పైగా నాకేం తెలుసు, మీ చదువుల్లో పని చేసినవాళ్లని దోషుల్లో రాస్తారని."

"పిన్నిగారూ, నేను నమ్మనని కాదు. కానీ మాటలు చాలవు. నాకు ఆధారం కావాలి."

"ఎదురుగా గుట్టలా ఉంటే?"

"మూటలు ఆధారం కాదండీ. అంకెలు కావాలి. మీరెప్పుడైనా పని ఆపారా, నాలుగు రోజులైనా?"

"పోయిన వానాకాలం జ్వరమొచ్చి వారం మంచం దిగలేదు."

"ఏ వారం?"

"బడులు తెరిచిన రెండో వారం."

"ఆగండి, లాప్‌టాప్ తీస్తాను... ఇదిగో, మీ ఇల్లు. వారం రోజులు దాదాపు సున్నా. దీన్ని మేం మీటరు చెడిపోయిందని రాసుకున్నాం."

"జ్వరం నాకొస్తే మందు మీటరుకి వేశారు. అదేనా నాలుగోసారి మార్చింది?"

"అదే."

"మిగతా ఇళ్లు ఎలా ఉన్నాయో చూడు."

"మిగతావి... పెరిగాయి. ఒకటి, రెండు... ఇరవై ఆరు ఇళ్లు. అన్నీ పొద్దున ఏడుకీ ఎనిమిదిన్నరకీ మధ్యలోనే. అటకల మీద నుంచి దించారు."

"దించి, నేను లేచాక మళ్లీ ఎక్కించారు. దాన్నేమని రాసుకున్నావు?"

"'ఆ వారం ఎండ తీవ్రత వల్ల' అని."

"వారమంతా వాన బాబూ."

"తెలుసు."

"తెలిసే రాశావా?"

"కారణమేదో ఒకటి రాయాలి కదండీ. ఆ గడి ఖాళీగా వదిలితే మా ప్రొఫెసరుగారు ఊరుకోరు."

"ఇప్పుడు నన్ను కలిపి వేసి చూడు. భవనం ఎలా ఉందో చెప్పు."

"కలిపితే... బయటి మామూలు భవనాలకీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు."

"బహుమతి?"

"రాదు."

"నీ పుస్తకం?"

"ఎల్లుండి సభలోనే విడుదల. అచ్చయిపోయింది. మూడేళ్లు చేశాను పిన్నిగారూ."

"నీవి మూడేళ్లు. నావి పదకొండు రోజులు. లెక్కల మనిషివి, ఏది ఎక్కువో నువ్వే తేల్చు."

"ఒకవేళ... ఒకవేళ మీరు పని కొంచెం తగ్గించుకుంటే? ఒక రెండు మూడు నెలలు. స్టిక్కరు పసుపులోకి వచ్చేస్తే మిమ్మల్ని తీసేయక్కర్లేదు, పుస్తకం కూడా..."

"అంతకంటే సులువైంది నేను చెప్తాను. మంచం కింద మా ఆయన బొగ్గుల పెట్టె ఉంది. రేపటి నుంచి బొగ్గులు పోసి చేస్తాను. నీ మీటరు ఒక్క గీత కదలదు. పసుపేంటి, నాకూ ఆకుపచ్చే. చేయమంటావా?"

"వద్దండీ."

"ఎందుకు వద్దు? నీ పుస్తకంలో ఎంత అందంగా ఉంటుంది. ముప్పై రెండుకి ముప్పై రెండు."

"కిటికీ బెత్తెడే తెరుచుకునే గదిలో బొగ్గులేంటి పిన్నిగారూ, ప్రాణం పోతుంది. పైగా ఆ బొగ్గు పొగ తగ్గించాలనే కదా ఈ భవనం కట్టింది."

"కానీ మీటరులో కనబడదు."

"కనబడదు."

"మరి నీకు ఇబ్బందేంటి?"

"ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి. మీ ఇల్లు ఎక్కడికీ పోదు. లెక్కలోనే ఉంటుంది. సభ ఏమైనా కానివ్వండి, రేపు పొద్దున ప్రొఫెసరుగారికి నేనే చెప్తాను."

"రాసివ్వు."

"నా మాట చాలదా?"

"వాన పడిన వారాన్ని ఎండ అని రాసినవాడివి. మాట చాలదు."

"సరే. 'నాలుగో అంతస్తులోని ఈ ఇల్లు పరిశోధనలో కొనసాగుతుంది. తొలగించాలనడం మా పొరపాటు. ఖాళీ చేయనక్కర్లేదు.' చాలా?"

"తేదీ వెయ్యి."

"వేశాను."

"సంతకం. గొలుసులా కాదు, చదివేలా పెట్టు... ఆ, ఇప్పుడు బాగుంది. ఒక్క సంగతి చెప్పి వెళ్లు. ఇలాంటి భవనాలు ఇంకా కట్టారట కదా."

"దీంతో కలిపి పద్నాలుగు. ఊరికి నాలుగు వైపులా ఉన్నాయి."

"అన్నిటికీ మేడ మీద పలకలేనా?"

"ఒకే డిజైనండీ. పలకలు, కిటికీలు, అన్నీ ఇవే."

"మరి అక్కడ దుప్పట్లు ఎవరు ఆరబెడుతున్నారు?"

"అది..."

"ఏం బాబూ, లాప్‌టాప్ మూసేస్తున్నావు? అక్కడా ఒక ఎర్ర స్టిక్కరు ఇల్లు ఉండే ఉంటుంది, చూసుకో."

"ఉండేది. ప్రతి భవనంలోనూ ఒక్కటే ఇల్లు. అన్నిచోట్లా మీటరే చెడిపోయిందనుకున్నాం."

"పదమూడు చోట్లా మీటర్లే చెడ్డాయా? పోనీలే, ఇప్పటికైనా తెలిసింది. రేపు పొద్దున్నే వెళ్లి ఆ తలుపులు తట్టు. బల్బులెన్నని కాదు, ఏం పని చేస్తున్నావమ్మా అని అడుగు. ఈ కృతజ్ఞతల కాగితం మాత్రం పట్టుకెళ్లకు."

"పోయిన నెలే పట్టుకెళ్లాను పిన్నిగారూ. పదమూడు ఇళ్లవాళ్లూ చదవకుండా సంతకం పెట్టి, ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో నేను రాసుకోలేదు."